బూర పక్కనపెట్టి అడిగిన మాట

నేను ఒక రేకు బూరను. కాకినాడ బజారులో మస్తాన్ అనే పనివాడు కిరసనాయిలు డబ్బా విప్పి, గరాటులా చుట్టి, అతుకేసి నాకీ రూపమిచ్చాడు. మొదట ఒక నాటకాల కంపెనీవారు నాలోంచి ఊరంతా అరిచారు. ఆ కంపెనీ చెదిరిపోయాక సినిమాహాలు కామేశం చేతికొచ్చాను.

అవి బొమ్మకు మాట రాని రోజులు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడగానే, పక్కన నిలబడి తెలుగులో చెప్పడం కామేశం ఉద్యోగం. హీరో ఎవరైనా ప్రేమమాటలు మావే. "పెళ్లికి ముందు పిల్ల మనసు తెలుసుకోవద్దుటండీ?" అని అతను అందరితోనూ వాదించేవాడు.

అలాంటివాడు పెద్దలు కుదిర్చిన పెళ్లిచూపులకు వెళ్లి నోరు తెరవలేదు. విశాలాక్షి పాట పాడింది. ఇతను చాప అంచు చూస్తూ కూర్చున్నాడు. "కుర్రాడికి మాటొచ్చా?" అని ఆమె బామ్మ పైకే అడిగేసింది. సంబంధం అక్కడే ఆగిపోయింది. ఇదంతా నన్ను తుడుస్తూ హాల్లో హార్మోనియం వాయించే ఆయనతో చెప్పుకుని వాపోయాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటకు విశాలాక్షి, బామ్మతో వచ్చి ఆడవాళ్ల బెంచీలో కూర్చుంది. కామేశం అటే చూస్తూ నన్ను ఎత్తాడు. తెర మీద హీరో, పిల్ల తండ్రిని చూసి చెరువులో దూకాడు. కామేశం చెప్పవలసింది ఆ ముక్క. చెప్పింది వేరు.

"చూసి వెళ్లాను గాని, మీకిష్టమో కాదో అడగలేకపోయానండీ. ఇప్పుడడుగుతున్నాను."

"నీళ్లలోంచి అడుగుతున్నాడేంట్రా!" అని నేల టిక్కెట్టువాళ్లలో ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. నవ్వులు సద్దుమణిగాక ఆడవాళ్ల వైపు నుంచి విశాలాక్షి గొంతు నెమ్మదిగా వినిపించింది.

"ఆ బూర పక్కనపెట్టి, మా ఇంటికొచ్చి అడగమనండి."

"అమ్మయ్య, మాటొచ్చు!" అంది బామ్మ.

మర్నాడు పొద్దున్నే కామేశం వెళ్లాడు. ధైర్యానికి నన్నూ తీసుకెళ్లాడు. మనుషులు చిత్రమైనవాళ్లు. హాలు నిండా జనానికి చెప్పగలరు గాని, ఒక్క మనిషికి చెప్పాలంటే గడప దగ్గరే ఆగిపోతారు. విశాలాక్షే ఎదురొచ్చింది. అతని చేతిలోంచి నన్ను తీసుకుని అరుగు మీద బోర్లించింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు. బామ్మ తలుపు బార్లా తెరిచి ఉంచి, నా పక్కన కూర్చుని, చూపు మాత్రం వీధి వైపు తిప్పుకుంది.

మాఘమాసంలో పెళ్లయింది. తర్వాత బొమ్మలు తమంతట తామే మాట్లాడటం నేర్చాయి. కామేశం బడిపంతులయ్యాడు. నేను అటకెక్కాను. అతను నాలోంచి పలికిన ప్రేమమాటలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ పొద్దున తన గొంతుతో ఏమన్నాడో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.