మూపురం ఒకటా, రెండా?

మా ఆయనా, మా చెల్లెలూ ఒకే ల్యాబ్‌లో, ఒకే పెట్టె ముందు పనిచేస్తారు. డిటెక్టర్లు ఆయనవి, లెక్కలు దానివి. ఇంటికొచ్చాక ఇద్దరి తగువులూ నావి.

ఆ పెట్టె ట్రంకుపెట్టెంత ఉంటుంది. లోపల చిమ్మచీకటి. ఉందో లేదో ఎవరికీ తెలియని ఒక కణం ఎప్పుడైనా అందులో విరిగిపోతే రెండు ఫోటాన్లు పుట్టాలట, కవలల్లా, ఒకే క్షణాన. ఫోటాన్ అంటే వెలుగు నలుసు. పెట్టెకు అటొక డిటెక్టర్, ఇటొక డిటెక్టర్, వెలుగు తగిలితే టిక్కుమనేవి. పెట్టె నుంచి ఒక్కోదానికీ వెలుగు మోసుకెళ్ళే జానెడు గాజు తీగ. ఒకటే టిక్కుమంటే ఏదో దారిన పోయే వెలుగు. రెండూ ఒకేసారి టిక్కుమంటే అది జంట. ఊరికే కలిసొచ్చే జంటలు ఎలాగూ కొన్ని ఉంటాయి. వాటికన్నా ఎక్కువ వస్తేనే విశేషం.

ఎక్కువే వచ్చాయి. రెండు టిక్కులకీ మధ్య ఎంత ఎడం ఉందో చెల్లెలి తెరమీద గీత చూపిస్తుంది, ఒకేసారి వచ్చినవి నడిమధ్యన పడతాయి. చదునుగా ఉండాల్సిన ఆ గీత సరిగ్గా నడిమధ్యన ఎద్దు మూపురంలా లేచింది.

"శుక్రవారం హాల్లో నువ్వే చెప్పాలి" అన్నారు డైరెక్టర్. బయటి ల్యాబుల వాళ్ళనీ పిలిచారు. నిజమైతే మా చెల్లెలి పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కుతుంది. కాకపోతే ఆ హాల్లో వాళ్ళు జన్మంతా గుర్తుపెట్టుకుంటారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికొచ్చి, తినకుండా కంచంలో వేళ్ళు తిప్పుతూ కూర్చుంది.

"బావా, నీ డిటెక్టర్ ఫోటాన్‌ను పట్టుకున్నప్పుడు తనూ కాస్త వెలుగుతుంది కదూ?"

"మిణుగురులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయితే?"

"ఆ వెలుగు తీగలోంచి వెనక్కొచ్చి, పెట్టె దాటి, అవతలి డిటెక్టర్‌కి తగిలితే? అదీ టిక్కుమంటుంది. మనం జంట అనుకుంటాం."

మా ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "అంటే నా డిటెక్టర్లు ఒకదానికొకటి కన్ను కొట్టుకుంటున్నాయంటావు?"

"నీ పెంపకం కదా మరి."

"చూశావా మీ చెల్లెలి నోరు!" అన్నారు నావైపు తిరిగి.

"నన్ను కలపకండి. కూర చల్లారిపోతోంది."

చెల్లెలు రెండు చెంచాలు తీసుకుని బల్లమీద తీగల్లా పెట్టింది. "తీగలు రెండూ తీసేసి పొడుగువి వేద్దాం. నిజం జంటలైతే ఇద్దరికీ దారి సమానంగానే పెరిగింది కనక ఎప్పట్లాగే కలిసి చేరతారు. మూపురం ఉన్నచోటే ఉంటుంది. కన్ను కొట్టడమే అయితే ఆ వెలుగు రెండు తీగలూ దాటాలి, పొట్టి తీగల్లో తెలియని ఆలస్యం పొడుగువాటిలో తెలుస్తుంది. ఇటునుంచి అటు కొట్టింది ఒకపక్కకి జరుగుతుంది, అటునుంచి ఇటు కొట్టింది ఇంకోపక్కకి. మూపురం చీలిపోతుంది. ఒకటే ఉంటే కణం. రెండైతే నువ్వు."

"పొట్టి తీగలు ఎందుకు పెట్టాననుకున్నావు? పొడుగైతే దారిలో వెలుగు పోతుందని. ఒక్క నలుసు కూడా పోకూడదని. ఇప్పుడు విప్పితే మళ్ళీ సర్దేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. శుక్రవారం కానీ, ఆ తర్వాత చూద్దాం."

"ఆ తర్వాత చూడ్డానికి నేను తలెత్తుకుని ఉండాలి కదా బావా."

మా ఆయన రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, బండి తాళాలు తీశారు. "పదండి. నువ్వూ రావోయ్, లేకపోతే మధ్యలోనే కొట్టుకు చస్తాం."

ల్యాబ్‌లో ముందు నా చేతి గడియారం తీయించారు, దాని ముళ్ళు చీకట్లో మెరుస్తాయట. ఫోన్లు సొరుగులో పడేశారు. ఆయన నల్లగుడ్డలు ఒక్కొక్కటే ఒలిచి, చుట్టలు చుట్టిన పొడుగు తీగల చివర్లు తుడిచి బిగిస్తుంటే, చెల్లెలు ఎర్రలైటు పట్టుకుని నిలబడింది. అంతసేపూ వాళ్ళు పోట్లాడుకోకపోవడం చూసి నాకే భయం వేసింది. గుడ్డలు మళ్ళీ కప్పి, అంచులకు టేపు వేశారు.

ఇక కాపు కాయడమే. తెరమీద చుక్కలు చినుకుల్లా ఒక్కొక్కటిగా పడుతున్నాయి. చెల్లెలు గోళ్ళు కొరుకుతోంది.

"నువ్వేం కోరుకుంటున్నావే?" అనడిగాను.

"ఒకటే ఉండాలని. అందుకే నామీద నాకే నమ్మకం లేదక్కా."

సాయంత్రానికి నడిమధ్య గీత చదునైపోయింది. దానికి చెరోపక్కా, సమాన దూరంలో, రెండు చిన్న మూపురాలు లేచాయి.

"ఎంత ముచ్చటగా కొడుతున్నాయో చూడు కన్ను" అన్నారాయన, గొంతు తగ్గించి.

చెల్లెలికి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. "డైరెక్టర్‌కి ఫోన్ ఎవరు చేస్తారు?"

"నేనే చేస్తాలే. నువ్వు శుక్రవారం రాకపోయినా ఎవరూ ఏమనుకోరు."

"వస్తాను. పిలిచింది నన్ను."

శుక్రవారం నేను హాల్లో వెనక వరసలో కూర్చున్నాను. చెల్లెలు మొదటి బొమ్మ చూపించగానే హాలంతా ముందుకు వంగింది. తర్వాత రెండోది చూపించింది.

"మేము చూసింది కణం కాదు. మా డిటెక్టర్లు ఒకదాన్నొకటి చూసుకున్నాయి."

ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టర్ తన పెన్ను మూతను పరీక్షగా చూసుకుంటున్నారు. చెల్లెలి చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం తొణకలేదు. తీగల సంగతి వివరంగా చెప్పింది. ఎవరూ అడక్కుండానే మా ఆయన లేచి, "తీగలు పొట్టిగా పెట్టింది నేను" అని చెప్పి కూర్చున్నారు.

అభినందించడానికి పక్క ల్యాబ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెయ్యెత్తారు.

"డిటెక్టర్లు ఏ రకమమ్మా?"

"అందరూ వాడేవేనండీ."

"తీగ ఎంత పొడుగన్నావు?"

"ముందుదా, తర్వాతదా?"

"ముందుది."

"జానెడండీ."

ఆయన లేచి, ఒంగి ఒంగి నడుస్తూ బయటికెళ్ళారు. తలుపు సరిగ్గా పడలేదు. వరండాలోంచి ఫోన్లో ఆయన గొంతు హాలంతా వినిపించింది. "మన జంటల పేపర్ ఇంకా పంపలేదు కదా? ఆపు. ఎందుకేమిటి, ఆపమన్నానా!"

హాలు గొల్లుమంది. డైరెక్టర్ అప్పుడు తలెత్తి చెల్లెలివైపు చూశారు.

"ఇంకెవరైనా అడుగుతారా?" అంది చెల్లెలు.

పదిచేతులు లేచాయి.