నేల తడవలేదు

"గాడనే కూసో. ఇంజను మీద నీ నీడ పడొద్దు," అంటూ మా అత్త సాయవ్వ జొన్న గటక గిన్నెను నేల మీద పెట్టి కట్టెతో నా వైపు నెట్టింది.

నేను బయట చేరాను. ఈ రోజుల్లో నా చోటు షెడ్డు వెనక పరిచిన గోనెసంచి. అక్కడినుంచి అంతా కనబడుతుంది. నా భర్త లింబాద్రి, మా ఊరి దొర పాత ట్రాక్టరు ఇంజనులో కొత్త లైనర్లు దింపుతున్నాడు. లైనరంటే పిస్టను ఆడే ఇనుప గొట్టం. దాని చుట్టూ నీళ్ళు, కింద నూనె. ఆ రెండూ కలవకుండా ఆపేది గొట్టం అడుగున తొడిగే రబ్బరు రింగు ఒక్కటే.

ఆ రింగులు ఎప్పుడూ తొడిగేది నేనే. ఆయన వేళ్ళు లావు, ఓపిక తక్కువ. రింగు మెలి తిరిగిందో లేదో తెలియాలంటే దాని అతుకు గీతను వేలికొసతో చుట్టూ తడిమి చూడాలి. గొట్టం కూర్చునే గట్టు మీది తుప్పు పొరను గోటికి తగలకుండా పోయేదాకా గీకాలి. సబ్బు నురగ రాసి, రెండు అరచేతులతో నిలువుగా నొక్కాలి. సుత్తి ముట్టుకోకూడదు, నూనె రాయకూడదు. ఇవి నాకెవరూ చెప్పలేదు, ఆయన పాడుచేసి పారేసిన రింగులను చూసి తెలుసుకున్నాను. పొద్దంతా ఇంజను పని, పొద్దుగూకాక వంట. నా చేతి రొట్టెలు ఇంజను సామాన్లు కడిగే గ్యాసునూనె వాసనొస్తాయని మళ్ళీ ఆయనే విసుక్కుంటాడు. షెడ్డుకు ఎవరైనా వచ్చి నా గురించి అడిగితే, "మా ఆడిది. సామాన్లు కడుగుతది," అంటాడు. కడగడమనే ఆ మాటలో నా వేళ్ళు ఎక్కడా కనబడవు.

టక్, టక్‌మని చప్పుడైంది. తలెత్తి చూశాను. లైనరు మీద చెక్క పెట్టి సుత్తితో కొడుతున్నాడు.

"సబ్బు రాసినవా?" అని కేకేశాను.

"నూనె రాసిన. నువ్వు నోరు మూసుకోని కూసో."

నా కడుపునొప్పి కంటే ఆ సుత్తి దెబ్బలే ఎక్కువ బాధపెట్టాయి.

ఎండెక్కేసరికి ఇంజను బిగించడం అయిపోయింది. అత్త కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అప్పుడే దొర గుమాస్తా బాపురావు వచ్చాడు.

"బోధన్ల చక్కెర ఫ్యాక్టరీకి చెరుకిస్తనని దొర మాటిచ్చిండు, లింబాద్రీ. రేపు గీ ట్రాక్టరు పొలంల దిగకుంటె షెడ్డు ఖాళీ చేయిస్తడు. మల్ల నా దగ్గరికొచ్చి ఏడ్వకు."

షెడ్డుతో పాటు మేముండే గది కూడా దొరదే.

"రందివెట్టుకోకుండ్రి సాబ్," అంది అత్త. "రుద్రూర్ పటేలు నీళ్ళింజను సూడలేదా? పోయిన కార్తీకంల నా కొడుకు బాగుజేసిండు. గిప్పటిదాంక ఒక్క సుక్క కారలే."

మా ఆయన తల తిప్పుకున్నాడు.

అత్త బిందెతో ట్రాక్టరు ముందున్న నీళ్ళ డబ్బా నింపింది. కాసేపటికి మట్టం తగ్గింది. ఇంకో బిందె పోసింది. మళ్ళీ తగ్గింది.

"ఎండకాలం ఎద్దు తాగినట్టు తాగుతున్నదే!" అని బాపురావు నవ్వాడు. అత్త కూడా నవ్వింది.

నేను ట్రాక్టరు కిందికి చూశాను. నేల తడవలేదు. పైపు పొడిగా ఉంది, అతుకులు పొడిగా ఉన్నాయి. బిందెడు నీళ్ళు బయటికి రాలేదంటే లోపలే ఎక్కడో దిగుతున్నాయి. ఎక్కడో నాకు తెలుసు. నూనె ఉండాల్సిన చాంబరులో. మా ఆయన ఇంజను తిప్పే హ్యాండిలు తగిలించాడు. నీళ్ళు కలిసిన నూనెతో ఇంజను తిరిగితే అరిగి పట్టేస్తుంది. ఆ తర్వాత రేపూ లేదు, షెడ్డూ లేదు.

"తిప్పకు! నీళ్ళు చాంబర్ల దిగినయ్."

"బయటున్నదానివి, నీకెందుకే?" అన్నాడు ఆయన, గుమాస్తా వైపు చూస్తూ.

హ్యాండిలు మీద ఆయన చేయి బిగుసుకుంది. నేను గోనెసంచి మీదినుంచి లేచాను. నడిచి వెళ్ళి, పానా అందుకుని, చాంబరు అడుగు బోల్టు విప్పాను. నూనె రావాల్సిన చోట ముందుగా నీళ్ళు దూకాయి. తర్వాతే నల్లగా నూనె.

"అయ్యో, నాశనం జేసిందిరో! పూజైన ఇంజనును అంటుచేత్తో ముట్టింది!" అత్త చెంపలు వాయించుకుంది. "గీమె నీడ పడే గిట్లయింది!"

బాపురావు రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను మా ఆయన ముఖం వైపు చూశాను. సుత్తి తనది, నూనె తనది. తప్పు తనదని ఒక్క మాట అంటే చాలు. ఆయన బోల్టు చూస్తున్నట్టు నా పక్కన వంగి, పెదవులు కదలకుండా గొణిగాడు.

"అవ్వ ఇంట్లకు పోయినంక రా. విప్పి మల్ల పెడుదువు. కార్తీకంల పెట్టినట్టే, గప్‌చుప్."

ఆ కార్తీకంలో పటేలు తొందరపెడుతుంటే నన్ను ఇదే గోనెసంచి మీదినుంచి లేపాడు. ఆ రోజు అంటు లేదు, నీడ లేదు. అత్త పొలంనుంచి వచ్చేసరికి నేను నా చోట కూర్చుని ఉన్నాను. గిన్నె కట్టెతోనే వచ్చింది.

లేచి నిలబడ్డాను.

"అత్తా, రుద్రూర్ పటేలు ఇంజన్ల రింగులు వెట్టింది నేను. గప్పుడు గూడ నేను బయటనే ఉన్న. నీకు చెప్పొద్దన్నది నీ కొడుకే."

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు సుత్తి వైపు చూశాడు.

"మరి గివి ఎవలు వెడుతరు?" అన్నాడు బాపురావు.

నేను చేతులకంటిన నూనె చీరకొంగుకు తుడుచుకున్నాను. సబ్బు బిళ్ళ అత్త పక్కన గూట్లో ఉంది.

"సబ్బు ఇయ్యి, అత్తా."

ఆమె గూట్లోకి చేయి పెట్టింది. బిళ్ళ తీసి, నేల మీద పెట్టడానికి వంగింది.

"కింద వెట్టకు," అంటూ అరచేయి చాపాను. "నా చేతికియ్యి."