సోదా బాబాయి ఇంటి తోట

"మూత తియ్."

టిఫిన్ డబ్బా అడుగున వేలితో తట్టి చూశాడాయన. చప్పుడు సరిగానే ఉంది. సంచి కుట్లు తడిమాడు, గొడుగు విప్పించాడు, "ఊఁ, పద" అన్నాడు. నూలుమిల్లు గేటు దగ్గర ముప్పైయొక్కేళ్లుగా ఆయన పని అదే, బయటికి వెళ్లే ప్రతి సంచీ వెతకడం. మిల్లంతా ఆయన్ను సోదా బాబాయి అంటుంది. ఇన్నేళ్లలో పట్టుకున్నది రెండు దారపు కండెలూ, ఒక కత్తెరా. అయినా అనుమానం వీసమెత్తు తగ్గలేదు. దొరకలేదంటే దొంగలు లేరని కాదు, ముదిరిపోయారని ఆయన నమ్మకం.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాడు. ఇంట్లో దొంగ పడింది మరి!

పడిందంటే, భార్యే పిలిపించింది. పెరట్లో తోట వేయించడానికి ఒక డిజైనరమ్మాయి. రెండేళ్ల కిందట వరండా మెట్ల మీద జారి తుంటి విరిగినప్పటి నుంచి ఆవిడకి ఆ నాలుగు మెట్లూ కొండలైపోయాయి. వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా వస్తుంది, పెరడు చూస్తుంది, వెనక్కి వెళ్తుంది. "ఎవరూ పట్టుకోకుండా, నా అంతట నేను కిందికి దిగాలండీ" అని నోరు తెరిచి అడిగింది. సరేనన్నాడు. ఆవిడ ఏదైనా అడగడమే అరుదు.

కానీ ఆ అమ్మాయి చేసే పనేదీ? మూడు రోజులుగా వస్తోంది, ఒక్క మొక్క నాటలేదు, గునపం ముట్టలేదు. పెరట్లో కుర్చీ వేసుకుని నీడ ఎటు జరుగుతోందో చూస్తుందట! పైగా ప్రశ్నలు. ఎన్నింటికి లేస్తారు, ఏ కిటికీ దగ్గర కూర్చుంటారు, మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటారు. ఇవి తోట వేసేవాళ్లు అడిగేవా, కన్నం వేసేవాళ్లు అడిగేవా?

ఇంటికొచ్చి నీళ్లట్యాంకు వెనక నక్కాడు. మోకాళ్లు పీకుతున్నా కదల్లేదు. ఆ అమ్మాయి వరండాలో ఆవిడను మెల్లగా నడిపిస్తూ, అడుగు పడిన చోటల్లా సుద్దతో గీత గీస్తోంది. ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఆయన ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే, ఇంతగా నవ్విస్తోందంటే ఏదో పెద్ద ఎత్తే వేసుంటుందనుకున్నాడు.

నాలుగింటికి ఆ అమ్మాయి సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. గేటుకి అడ్డంగా ఆయన.

"సంచి," అన్నాడు.

"ఏంటి బాబాయిగారూ?" ఆమె నవ్వబోయింది.

"సంచి తియ్."

ఆయన చెయ్యి దానంతటదే లోపలికి పోయింది. టేపు, సుద్దముక్కలు, ముడివేసిన నాలుగు మట్టి పొట్లాలు. "ఓరి దేవుడా, మట్టి కూడా వదల్లేదే!" అన్నాడు. అన్నిటికీ అడుగున, కాగితంలో చుట్టి, తన భార్య చెప్పు. ఒంటి చెప్పు.

"దొరికావ్!"

"అయ్యో, అది నేనిచ్చానండీ!" వరండాలోంచి ఆవిడ గొంతు. "మెట్లు తీసేసి, నా పాదానికి కుదిరేలా వాలుదారి వేస్తానంటే ఇచ్చాను. ఆ మట్టేమో, గట్టిదో కాదో పరీక్ష చేయించడానికి తీసుకెళ్తోంది!"

అమ్మాయి ముఖం కందిపోయింది. చెప్పునీ కాగితాన్నీ ఆయన చేతిలోంచి తీసుకుని గేటు స్తంభం మీద పెట్టింది. పొట్లాలు కిందపెట్టింది.

"ఇంకెవర్నైనా చూసుకోండి," అని వెళ్లిపోయింది.

"అమ్మా, ఆగమ్మా! తప్పయిపోయింది!" వీధి మలుపుదాకా పరిగెత్తాడు. ఆమె వెనక్కి చూడకుండా బస్సెక్కేసింది.

సిగ్గుతో తల వాల్చుకుని తిరిగొచ్చాడు. ఆవిడ ఇంకా అక్కడే, మెట్ల పైన, వాకర్ పట్టుకుని నిలబడి ఉంది.

"నన్నూ వెతకండి, ఏమన్నా దాచానేమో," అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆయన చెప్పు చుట్టిన ఆ కాగితం తీసి చూశాడు. పెరడు బొమ్మ, పక్కన పెన్సిల్ రాత. "అడుగుకీ అడుగుకీ పదకొండు అంగుళాలు. సగం దారిలో నీడపట్టున బల్ల, ఇద్దరికి."

స్తంభం మీద చెప్పు అలాగే ఉంది, రెండేళ్లుగా మట్టి తగలని అడుగుతో.