టైలు విరగలేదు

కలకత్తా వాట్‌గంజ్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చిన రేవు కూలీల లైనుకి స్నానాల షెడ్డు ఒక్కటే. నలభై ఇళ్ల జనం తెల్లవారకముందే అక్కడ బకెట్లు వరస పెట్టేవారు. తొంభై ఆరులో ఆ షెడ్డు బాగుచేసే పని వచ్చింది. సామాను ఎంచడం యూనియన్ వాళ్లు మేస్త్రీ కోదండానికి అప్పజెప్పారు. లైను జనమంతా కూర్చున్న మీటింగులో, కుళాయిలు ఇత్తడివి, తలుపులు తుప్పుపట్టని రేకువి అన్నాడతను. ఎవరూ కాదనలేదు. నేల దగ్గరే పేచీ వచ్చింది.

కోదండం గరుకు రాయి వేద్దామన్నాడు. యూనియన్ సెక్రటరీ సత్యారావు పాతవాటిలాగే తెల్ల టైల్సే కావాలని పట్టుబట్టాడు. పన్నెండేళ్లలో ఒక్కటైనా విరిగిందా అని అడిగాడు. మాట నిజమే. టైలు విరగలేదు, విరిగింది నారాయణమ్మ తుంటి.

పన్నెండేళ్ల కిందట ఆ టైల్సు ఎంచిందీ కోదండమే. కొట్లో నీళ్లు పోయించి, చెప్పులతో నడిచి చూసి, భేషన్నాడు. తన జనం ఆదివారం పూట ఒళ్లంతా ఆవనూనె పట్టించి, నలుగు పెట్టుకుని స్నానానికి దిగుతారని తెలిసీ నూనె పోసి చూడలేదు. టైల్సు వేసిన మూడో ఆదివారమే నారాయణమ్మ జారిపడింది. చూసుకుని నడవొద్దా అని లైనంతా ఆమెనే తిట్టింది. కోదండం తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆమె ఇప్పటికీ కుంటుతూనే ఉంది.

కారణం చెప్పకపోతే మళ్లీ టైల్సే పడతాయి. చెబితే ఈ లైనులో తనను మేస్త్రీ అని ఎవరు పిలుస్తారు? కోదండానికి భయం వేసింది. అయినా లేచి, మూల పీట మీద కూర్చున్న నారాయణమ్మ వైపు తిరిగాడు.

"అప్పా, ఆ యేడు నువ్వు సూసుకోక పడిపోనేదు. నూనికి జారిపోయే నేల నానే ఏయించాను. ఇన్నాళ్లూ సెప్పడానికి నోరు రానేదు."

సత్యారావు నమూనాకి తెచ్చిన టైలు బల్ల కింద పెట్టేసి, రాయే వేయమన్నాడు. తిడతారనుకున్న కోదండాన్ని ఒక్కరూ తిట్టలేదు. హమ్మయ్య అనుకున్నాడు.

అందరూ లేచాక నారాయణమ్మ గోడ పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు.

"ఈ మాట ఆ మర్నాడే సెప్పుంటే, మా అత్త సచ్చినదాకా నన్ను కళ్లు నేందానా అని పిలిసీది కాదు కదరా" అంది.