రెండు దెబ్బల అలవాటు

ఇరవై రెండేళ్లు బస్సు నడిపినవాడికి జీపు నేర్పడమంటే చేపపిల్లకు ఈత నేర్పడమేనని బావ వారం రోజులుగా కనిపించినవాళ్లందరికీ చెప్పుకొచ్చాడు. నిజానికి ఆయన్ని బావా అని పిలిచే హక్కు ఒక్క మరదలికే ఉంది. కానీ పరీక్ష రోజు పొద్దున ఆసుపత్రి ఆవరణలో డాక్టరు మొదలుకొని కాపలాదారు వరకు అందరూ ఆయన్ని బావగారనే పలకరించారు.

మరదలంటే ఆయన భార్యకు సొంత చెల్లెలు. తొమ్మిదేళ్లుగా కొండమీది ఊళ్లకు మందుల జీపు నడిపింది. ఇప్పుడు ఆమెను డ్రైవర్లందరికీ పెద్దను చేసి, ఆ జీపుకు కొత్త మనిషిని వెతుకుతున్నారు. పరీక్ష పెట్టి సంతకం చేయాల్సింది ఆమే. వచ్చేవాడు మా బావ అని ఆమె డాక్టరుకు ముందే చెప్పింది. అయితే మరీ మంచిది, నీ అంత కఠినంగా ఇంకెవరూ చూడరు అని డాక్టరు తేల్చేశాడు.

బస్సు కంపెనీ మూతపడి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలలూ బావ కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూ, పాడైన తలుపు గడియలు బాగుచేసి, బాగున్న కుళాయిలు పాడుచేశాడు. భార్య పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధగా ఉంది. నలభై ఎనిమిదేళ్ల డ్రైవర్ని రమ్మనే చోటు మరొకటి లేదు. ఇది తప్పిపోతే ఇక స్టీరింగు మాట మరిచిపోవాల్సిందే. ఆ సంగతి మరదలికీ తెలుసు.

తెలిసినా ఆమె నోరు ఊరుకోదు కదా. ఇసుక దారి రాగానే దిగి చక్రాల్లో కొంచెం గాలి తీయమంది. గాలి నింపినవాళ్లను చూశాను గానీ తీసేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని బావ గొణిగాడు. తీశాక జీపు ఇసుకలో కూరుకోకుండా మెత్తగా పోయింది.

"బొటనవేళ్లు స్టీరింగు లోపల పెట్టకు బావా. చక్రం రాయికి తగిలితే స్టీరింగు గిర్రున తిరిగి వేలు విరుస్తుంది. రేపట్నుంచి నీ చొక్కా గుండీలు అక్క పెట్టాలి."

"నీకు సైకిలు నేర్పిందెవరో మర్చిపోయావా?"

"నువ్వేగా. అందుకేగా ముళ్లకంచెలో పడ్డాను."

వెనక సీట్లో మందుల పెట్టె పట్టుకుని కూర్చున్న కాంపౌండరు ముసిముసిగా నవ్వాడు. నిటారు దిగుడు దగ్గర బావ బ్రేకు జోలికి పోకుండా, మొదటి గేరులో ఇంజను పట్టు మీదే జీపును కిందికి దించాడు. మరదలు ఏమీ అనలేదు. ఆమె దగ్గర అదే మెచ్చుకోలు. వాగు దగ్గర ఎవరూ చెప్పకుండానే దిగి, కర్రతో లోతు చూసుకుంటూ అవతలికి నడిచి తిరిగి వచ్చాడు. మోకాటి లోతు నీళ్లు, అడుగున గట్టి నేల. ఇక ఉద్యోగం వచ్చినట్టేనని ఆయన మనసు అప్పుడే ఇంటికి కబురు పంపేసింది.

వాగు దాటగానే ఒడ్డున, నీటి వారనే రాళ్లు అడ్డం వచ్చాయి. అలాంటి చోట బరువు తగ్గడానికి అందరూ దిగాలి, ఒక్కరే ముందు నిలబడి చేత్తో దారి చూపాలి, డ్రైవరు ఆ చెయ్యి తప్ప ఇంకేదీ పట్టించుకోకూడదు. మరదలు దిగి రాళ్ల మధ్య నిలబడింది. అరచెయ్యి చూపించి ఆగమంది. జీపు అడుగుకు తగిలేలా ఉన్న రాయిని జరపడానికి వంగింది.

జీపు వెనకాల బురదలోకి దిగిన కాంపౌండరు తడిసిన బూటు విప్పాడు. అందులో చేరిన బురద రాలేలా జీపు రేకుకేసి రెండుసార్లు కొట్టాడు. టక్, టక్.

ఇరవై రెండేళ్ల పాటు కండక్టరు ఒకసారి కొడితే ఆగి, రెండుసార్లు కొడితే కదిలిన కాలు అది. తలను అడగలేదు. జీపు ముందుకు దూకింది.

మరదలు పక్కకు దూకి, కాలు జారి వాగు నీళ్లలో కూలబడింది. బావ బ్రేకు తొక్కాడు. ఇంజను ఆగిపోయింది. జీపు ముందు చక్రం ఆమె జరుపుతున్న రాయి మీదే ఉంది. హ్యాండుబ్రేకు లాగి, దిగి పరుగెత్తాడు.

"ఏంటి బావా, ప్యాసింజరు ఎక్కకముందే బయల్దేరావు?" అంది ఆమె నడుము లోతు నీళ్లలో కూర్చుని.

బావకు నవ్వు రాలేదు. బూటు చేత పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డ కాంపౌండరును చూపించి, జరిగింది చెప్పాడు. మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. కానీ లేచి చొక్కా అంచు పిండుకుంటూ చక్రం కింది రాయి వంక రెండుసార్లు చూసింది. అది బావ చూశాడు.

ఒడ్డుకొచ్చాక ఆమె జీపులోంచి పరీక్ష కాగితం తీసి బానెట్టు మీద పెట్టుకుంది. మిగతావన్నీ బాగా చేశావు, ఈ ఒక్కటీ నేను చూడలేదనుకుంటానంది. బావకు ప్రాణం లేచొచ్చింది. అయినా ఆ రాయి వంక ఆమె చూసిన చూపు కళ్లముందు నుంచి కదల్లేదు.

"వద్దు," అన్నాడు. "రేపు జీపులో వచ్చి ఆ రాళ్ల మధ్య నిలబడేది ఆసుపత్రి నర్సమ్మ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నీలా దూకడం ఆవిడ వల్ల కాదు."

"మరి అక్కకి ఏం చెప్తావు?"

"నిన్ను గుద్దబోయానని చెప్తా. ఉద్యోగం పోయినందుకు తిట్టదు గానీ, దానికి తిడుతుంది."

మరదలు చాలాసేపు రాసి, డాక్టరుకు నువ్వే ఇవ్వమని కాగితం ఆయన చేతికిచ్చింది. ఈ పూట తప్పాడు, అని ఉంది. కింద ఇలా ఉంది: కారణం పాత అలవాటు. దాచిపెడతానన్నా ఒప్పుకోలేదు. ఈ అలవాటు పోగొట్టుకుంటే మా ఇంటివాళ్లందరినీ ఈయన బండే ఎక్కిస్తాను. వచ్చే సోమవారం మళ్లీ పరీక్ష.

ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని ఆమె ఇంతగా మెచ్చుకున్నది లేదు. బావ రెండుసార్లు చదివాడు.

"నీ రాత ఇంకా కోడిగీతలే," అన్నాడు చివరికి.

"అయితే ఇటివ్వు, మళ్లీ రాస్తా," అని మరదలు చెయ్యి చాచింది.

బావ ఇవ్వలేదు.