తేనెరంగు షీటు

పెద్దల్లుడి కడుపుమంట అంతా ఇంతా కాదు. ఆ రోజుల్లో అతని పొట్టమీద ప్లాస్టిక్ గింజలు పోస్తే హీటరు లేకుండానే కరిగి కారేవని పరిశోధనశాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కారణం చిన్నల్లుడు. అక్కాచెల్లెళ్ళను చేసుకున్న ఈ తోడల్లుళ్ళిద్దరికీ ఉద్యోగం కూడా ఒకే బల్ల దగ్గర. సీసా మూతల ప్లాస్టిక్‌నీ వలల నైలాన్‌నీ కరిగించి ఒక్క షీటుగా కలపాలి. ఆ రెండూ వేడిమీద ఉన్నంతసేపూ కలిసినట్టే నటించి, చల్లారగానే ఉల్లిపొరల్లా విడిపోయే రకం. ఎవరి షీటు వంచినా విరగదో వాళ్ళే కొత్త విభాగానికి పెద్ద అని డైరెక్టరమ్మ చెప్పేసింది.

రెంటికీ చెరో చెయ్యి అందించే మూడో ప్లాస్టిక్ ఒకటి, తేనెరంగుది, పెద్దల్లుడు ఏడాదిపాటు తంటాలుపడి చేశాడు. పదోవంతు కలిపితే షీటు కాస్తా జిగురుముద్దయింది. విసుగెత్తి, మిగిలినదాన్ని కరిగించే యంత్రం గొట్టంలోనే వదిలేసి, పుస్తకంలో మాత్రం 'శుభ్రం చేశాను' అని సంతకం గిలికి ఇంటికి పోయాడు.

మర్నాడు అదే యంత్రంలో చిన్నల్లుడు తీసిన షీటును మడిచారు, మెలిపెట్టారు. కాపలాదారు ఎక్కి గంతులేశాడు. విరగలేదు.

"శుక్రవారం నా కళ్ళముందు మళ్ళీ చేసి చూపించండి" అంది డైరెక్టరమ్మ.

ఇంట్లో పెద్దల్లుణ్ణి భార్య అందుకుంది. "మా మరిది షీటుమీద మనుషులు గంతులేస్తున్నారట! మీ షీటుమీద ఈగ వాలి అంటుకుపోయిందట కదా?"

"మీ చెల్లెలికి వేరే పనిలేదూ?"

"ఉందిగా. పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోన్ చేసి చెప్పడం!"

ఆ పూట ముద్ద దిగలేదు. మర్నాడు ఆ షీటును కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. లోపల సన్నగా తేనెరంగు. తనదే! చెబితే దొంగ సంతకం బయటపడుతుంది. నోరు మూసుకుంటే శుభ్రమైన యంత్రమే చిన్నల్లుడి పని పడుతుంది.

గురువారం తానే దగ్గరుండి గొట్టాన్ని మొహం కనబడేలా తోమాడు.

"నాకోసం ఇంత కష్టపడ్డారా, అన్నయ్యా!" చిన్నల్లుడి కళ్ళు చెమర్చాయి.

"నీకోసమే, తమ్ముడూ."

శుక్రవారం కొత్త షీటు డైరెక్టరమ్మ చేతిలో పటుక్కుమంది. చిన్నల్లుడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. పెద్దల్లుడి కడుపు చల్లబడింది, కానీ అరక్షణమే.

"ఫరవాలేదు" అంటూ ఆవిడ పాత షీటు నిమిరి చిన్నల్లుడివైపు తిరిగింది. "ఒకసారి కుదిర్చిన బుర్ర మళ్ళీ కుదురుస్తుంది. పెద్ద కుర్చీ మీకే."

"అందులో అతని బుర్ర రవ్వంత లేదండీ!" పెద్దల్లుడు గావుకేక పెట్టాడు. "అదంతా నేను గొట్టంలో వదిలిన మకిలి!"

ఆవిడ పుస్తకం తెరిచి సంతకంమీద వేలుపెట్టింది.

"సరే. ఎంత మకిలి?"

"గుప్పెడు ఉంటుందేమో..."

"ఎన్ని గ్రాములు?"

తోమి పారబోసినవాడు చెత్తబుట్టకేసి చూశాడు.

ఇప్పుడు తోడల్లుళ్ళిద్దరూ ఆ గుప్పెడు ఎంతో వెతుకుతున్నారు. ఒకరు గింజలు వేస్తే, ఒకరు తూకం చూస్తారు. పెద్ద కుర్చీ ఇంకా ఖాళీయే. అటువైపు ఓరచూపు ఎవరు ఎక్కువసార్లు వేశారన్నది కాపలాదారు లెక్కపెడుతున్నాడు.