ఆరు నిమిషాల ఆలస్యం

పొద్దున్నే లేచి ఇంట్లో అందరికీ నీళ్ల సీసాలు నింపేది నేనే. గుక్కెడు కూడా తాగకుండా డ్యూటీకి పోయేదీ నేనే. మాది సముద్రం మీద గస్తీ తిరిగే పోలీసు పడవ. ఎక్కితే ఎనిమిది గంటలు దిగేది లేదు. తీరమంతా నిట్టనిలువు కొండలు, కోరల్లాంటి రాళ్లు, కాలు మోపే చోటుండదు. పడవలో ఆరుగురు మగవాళ్లు, నేనొక్కదాన్ని. మరుగుదొడ్డి లేదు. వాళ్లకి అవసరమైతే వెనక్కి వెళ్లి నిలబడతారు, సముద్రమంతా వాళ్లదే. ఆడదానికి ఓర్పుండాలని పెళ్లయిన కొత్తలో మా అత్తగారు చెబితే, అదేదో మనసుకి సంబంధించిన సంగతనుకున్నాను. మూత్రసంచికి సంబంధించిందని ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

మా ఆయన బడిలో ఆరోగ్యపాఠాలు చెప్తాడు. రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలని పిల్లల చేత వల్లె వేయిస్తాడు. నా బాధ చెప్పుకుంటే మాత్రం, తాగడం మానేస్తే సరిపోతుంది కదా అన్నాడు, ఏదో కొత్తది కనిపెట్టినవాడిలా. పోయిన నెల నడుము పట్టేస్తే డాక్టరు చూసి కిడ్నీలో రాళ్లన్నాడు. రాళ్ల తీరంలో ఉద్యోగం చేస్తే రాళ్లు రాక ముత్యాలొస్తాయా అని మా ఆయన భోజనాల దగ్గర జోకేశాడు. అత్తగారికి నవ్వీ నవ్వీ పొలమారింది. నేనూ నవ్వాను. తర్వాత అందరి కంచాలూ కడిగాను.

పడవలో ఒక మూల చిన్న గది కట్టించమని మూడు అర్జీలు పెట్టాను. మొదటిది కనపడకుండా పోయింది. రెండోది, ఏ నిబంధన కింద అడుగుతున్నారో తెలపమని వెనక్కొచ్చింది. మూడోదానికి మా ఇన్‌స్పెక్టరు గారే పిలిచి, చాలా దయగా, అంత ఇబ్బందైతే ఒడ్డున రేడియో గదిలో వేస్తానమ్మా అన్నారు. ఒడ్డు డ్యూటీ అంటే టీలు అందించడం, రిజిస్టర్లు దులపడం. అది ఇంట్లో చేస్తూనే ఉన్నాను. ఈ పడవ నడిపేది నేను. మా నాన్న ఈ రాళ్ల మధ్యే చేపలు పట్టాడు. ఏ రాయి పోటుకి మునుగుతుందో, ఏది ఆటుకి తేలుతుందో ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. అక్కర్లేదు సార్, ఓర్చుకుంటాను అని వచ్చేశాను.

అలాంటి రోజుల్లో తనిఖీకని పెద్ద సారు వచ్చారు. కొండలు చూడాలని ముచ్చటపడి ఆయన భార్యా వచ్చింది. ఎక్కగానే మావాళ్లు ఆవిడకి మర్యాదగా పళ్లరసం ఇచ్చారు. వద్దన్నకొద్దీ ఇంకో గ్లాసు ఇచ్చారు. నాలుగో గ్లాసు చూసి నాకు భయమేసింది.

రెండు గంటలు వెళ్లాక, కొండల మధ్య ఇరుకులో ఒక పడవ కనిపించింది. దొంగ డీజిలు తెచ్చి కొండ గుహల్లోకి దించే పడవ. ఏడాదిగా వెతుకుతున్నది అదే. పీపాలు దించుతుండగా పట్టుకుంటేనే కేసు నిలబడుతుంది. ఇంజన్ ఆపించి, పెద్ద రాయి చాటున మాటు వేయమన్నారు పెద్ద సారు. మాటు వేశాం. గంట గడిచింది. మేడమ్ కాలు మార్చి కాలు వేస్తోంది. చివరికి నా దగ్గరికొచ్చి, ఎక్కడ అని చెవిలో అడిగింది. ఎక్కడా లేదు మేడమ్ అన్నాను. మరి నువ్వు అంది. నేను నీళ్లు తాగను మేడమ్ అన్నాను. ఆవిడ నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

పెద్ద సారు ఆవిడని కాస్త ఓర్చుకోమన్నారు. ఆవిడ నన్ను బకెట్ తెమ్మంది. నేను బకెట్ పెట్టి, టార్పాలిన్ రెండు చేతులా ఎత్తి అడ్డం పట్టుకున్నాను. అందరూ సముద్రం వైపు తిరగాలి అన్నాను. పెద్ద సారుతో సహా ఏడుగురు పోలీసులు బుద్ధిమంతుల్లా తిరిగి నిలబడ్డారు. ఇరుకు వైపు ముఖం ఉన్నది నాకొక్కదానికే. సరిగ్గా అప్పుడే, సగం పీపాలు దించిన ఆ పడవ మమ్మల్ని పసిగట్టి కదిలింది.

"సార్, దొంగలు వెళ్లిపోతున్నారు" అన్నాను.

ఒక్కడూ తిరగలేదు. తిరిగితే ఎవరి భార్యో వాళ్లకి తెలుసు. ఎటు వెళ్తున్నారమ్మా అని ఇన్‌స్పెక్టరు గారు సముద్రాన్ని అడిగారు. ఉత్తరానికి సార్. ఎంత వేగం. బాగానే సార్. టార్పాలిన్ వదిలేస్తే ఇంజన్ అందుకోగలను. వదల్లేదు. ఈ పడవలో నాలుగేళ్లుగా నాకెవరూ అడ్డం పట్టలేదు కనక, ఎలా పట్టాలో నాకు బాగా తెలుసు.

ఆవిడ లేచాక ఒక్క గెంతులో చుక్కాని దగ్గరికి వెళ్లాను. చుట్టూ తిరిగితే దొరకరు. ఆటు ఇంకా పూర్తిగా తీయలేదు, జంట రాళ్ల మధ్య మూడడుగుల నీళ్లుంటాయి. పడవ దూర్చేశాను. అడుగు రాసుకున్న చప్పుడుకి పెద్ద సారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి దొంగల పడవ ఎదురుగా ఉంది.

సాయంత్రం స్టేషన్లో ఇన్‌స్పెక్టరు గారు రిపోర్టు రాయమన్నారు. ఎప్పుడూ రాసేది నేనే, సంతకం ఆయనది. పీపాలు సగమే దొరికాయి, మిగతావి దొంగలు పారిపోతూ సముద్రంలోకి తోసేశారు. ఆరు నిమిషాల ఆలస్యానికి కారణం చూపాలి. ఇంజన్ మొరాయించిందని రాయమన్నారు.

"ఇంజన్ బాగానే ఉంది సార్. దానికి నోరు లేదని దాని మీద వేయడం న్యాయం కాదు" అన్నాను.

పడవలో ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేనందువల్ల ఆలస్యమైంది అని రాశాను. ఇబ్బంది మేడమ్ గారిది ఒక్కరోజుది, సిబ్బందిది నాలుగేళ్లది అని కూడా చేర్చి, కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. ఇన్‌స్పెక్టరు గారు వంగి చదివి, చెమట తుడుచుకున్నారు.

"ఇది పైదాకా వెళ్తుందమ్మా. అందరూ చదువుతారు."

"అందుకే సార్, అక్షరాలు గుండ్రంగా రాశాను."